వంతల జోడీ: కోనసీమ పండగ మౌసమ్‌లో బుర్రకథ సఫర్

అమలాపురంలో దసరా అంటే తాలింఖానా. కొంకాపల్లి నుంచీ, మిగతా వీధుల నుంచీ కుర్రాళ్ళు కర్రలు, కత్తులు తిప్పుకుంటూ వాహనాల ముందు ఊరేగుతారు. 1856 నుంచీ జరుగుతోందని ఊరు చెప్పుకుంటుంది. ‘చెడీ తాలింఖానా’ అని నోరారా పలికే మా ఊరి పెద్దలకి అది ఉర్దూ మాట అన్న ఖయాలే ఉండదు. నా చెవికి మాత్రం ఛడీ అంటే కర్ర, తాలీమ్ అంటే చదువు, ఖానా అంటే ఇల్లు. కర్రసాము నేర్పే బడి అన్నమాట. అమ్మవారి పండగ మధ్యలో ఈ మూడు లఫ్జులూ ఎవరి ఇజాజత్ అడక్కుండానే దర్జాగా కూర్చున్నాయి. నాకది ఖుషీ. కానీ ఇవాళ్టి కిస్సా తాలింఖానాది కాదు. ఊరేగింపు వెళ్ళిపోయాక, రాత్రి పందిట్లో పెట్రోమాక్స్ లైటు వెలిగించాక, బల్లల మీదకి ఎక్కే ముగ్గురిది. ఇంకా సాఫ్‌గా చెప్పాలంటే, ఆ ముగ్గురిలో ఇద్దరిది.

బుర్రకథ చూసిన వాళ్ళకి మధ్యలో ఉన్నాయన యాదుంటాడు. భుజాన తంబుర, చేతివేళ్ళకి అందెలు, కాళ్ళకి గజ్జెలు, ముందుకి రెండడుగులు, వెనక్కి రెండడుగులు. ఆయన కథకుడు. ఆయనకి అటొకడు, ఇటొకడు డక్కీలు పట్టుకుని నిలబడతారు. వాళ్ళు వంతలు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. కథకుడు తవారీఖ్‌లోకి ఎక్కాడు, బిరుదులు అందుకున్నాడు. వంతలు కరపత్రంలో చిన్న అక్షరాల్లో మిగిలిపోయారు. నా ఫిర్యాదు అదే. జనాన్ని తెల్లవారుఝాము దాకా కూర్చోబెట్టిన మెహనత్‌లో సగం ఆ జోడీది.

ముందు ఈ ఫన్ ఎలా నడుస్తుందో చూద్దాం. బుర్రకథకి అసలు పేరు జంగం కథ. జంగాలు ఊరూరా తిరుగుతూ చెప్పేవాళ్ళు. భర్త కథ చెబుతుంటే భార్య వంత పాడేది. తంబుర కథ అనీ, శారద కథ అనీ కూడా అనేవాళ్ళు. తంబుర కింది గుండ్రని కాయని బుర్ర అంటారు కాబట్టి బుర్రకథ. గాత్రం కథకుడిది. పాట పాడాలి, వచనం చెప్పాలి, యుద్ధం వస్తే గంతులెయ్యాలి. గంటల కొద్దీ ఒక్క గొంతు అంత బరువు మొయ్యలేదు. అందుకే చరణం అయ్యేసరికి వంతలు తందాన తాన అని అందుకుంటారు. ఆ నాలుగు లిప్తల్లో కథకుడు ఊపిరి తీసుకుంటాడు. తరవాత హాస్యం వంత ఏదో వెర్రి సవాల్ వేస్తాడు. రాజకీయం వంత దానికి జవాబు చెబుతాడు. జనం నవ్వుతారు. ఆ నవ్వు తగ్గేలోపు కథకుడు గుక్కెడు నీళ్ళు తాగి, తరవాతి ఘట్టానికి శ్రుతి సరిచేసుకుంటాడు. అంటే ఈ మజాక్ పైన చల్లిన కొత్తిమీర కాదు, ఇంటిని మోసే దూలం.

లోకంలో వేరే చోట్ల కూడా ఈ జోడీ ఉంది. పంజాబులో, అవధ్‌లో భాండ్‌లు, నక్కాళ్ళు ఉన్నారు. అక్కడా ఇద్దరే: ఒకడు తెలివైనవాడు, ఇంకొకడు వెర్రివాడు. తెలివైనవాడు అడుగుతాడు, వెర్రివాడు తప్పు జవాబు చెబుతాడు, ఆ తప్పులోంచే నవాబుగారి గుట్టు బయటపడుతుంది. ఢిల్లీ దాస్తాన్‌గోయీ 1928లో మీర్ బాఖర్ అలీ మరణంతో ఆగిపోయింది. 2005లో దాన్ని మళ్ళీ నిలబెట్టినప్పుడు ఒక్కడి కళని ఇద్దరి కళగా మార్చుకున్నారు. ఎందుకో మన వంతలని అడిగితే చెప్పేవాళ్ళు. ఒక్కడు చెబితే వాజ్, ఇద్దరు చెబితే ముచ్చట.

హాస్యం వంతకి ఒక హునర్ తప్పనిసరి. ఊళ్ళోకి దిగగానే ఆ ఊరి హవా పట్టుకోవాలి. కాఫీ హోటల్లో కూర్చుంటే రేవు పాట ఎవరు పాడారో, కాలవ నీళ్ళ తగువు ఎవరి మధ్య ఉందో, ఏ ఆసామి కొబ్బరికాయల లెక్కలో పిసినారో తెలిసిపోతుంది. రాత్రి బొబ్బిలి కోట ముట్టడి మధ్యలో హఠాత్తుగా ఆ కొబ్బరికాయల మాట వస్తుంది. 1757 నాటి తాండ్ర పాపారాయుడి కథలోకి మన ఊరి పిసినారి నడిచొస్తాడు. పందిరి అదిరిపోతుంది. పేరు చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు. ముందు వరసలో కూర్చున్న ఆసామి కూడా నవ్వాల్సిందే. నవ్వకపోతే అది తానేనని ఒప్పుకున్నట్టు.

ఇక మౌసమ్ సంగతి. ఈ ఫన్‌కారుల కేలండర్ మనది కాదు, పంటదీ పండగదీ. వినాయక చవితితో మొదలయ్యేది. దసరా తొమ్మిది రాత్రులు నిండు గిరాకీ. కార్తీకంలో గుళ్ళు. సంక్రాంతికి ధాన్యం ఇంటికి చేరి ఉంటుంది, చేతిలో రూపాయి ఆడుతుంది. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రులు ప్రభల మీద ఎక్కి, పొలాల్లోంచీ కాలవల్లోంచీ భుజాల మీద వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ తీర్థమే. మాఘంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది నరసింహస్వామి కల్యాణం. తరవాత శివరాత్రికి గోదావరి అవతలి ఒడ్డున కోటిపల్లి. అక్కణ్ణుంచి ఉగాది, శ్రీరామనవమి పందిళ్ళు. నవమి దాటితే మౌసమ్ ముగింపు. ఎండలు, వానలు, నాట్లు. ఆ నెలల్లో కళాకారుడు కూలికి పోవాలి, బట్టలు కుట్టాలి, లేదా అప్పు చెయ్యాలి. ఏడెనిమిది నెలల రోజీతో పన్నెండు నెలలు తినాలి. అందుకే పండగ వాళ్ళకి సెలవు కాదు. లోకమంతా కుటుంబంతో కూర్చుని అరిసెలు తినే రోజున వాళ్ళు పరాయి ఊళ్ళో అరుగు మీద పడుకునేవాళ్ళు. మన ఈద్ నాడు దర్జీ ఇంట్లో పిల్లలకి కొత్త బట్టలు ఆలస్యం అయినట్టే.

కోనసీమలో తిరగడం అంటే నీళ్ళ మీద తిరగడం. ఒకపక్క గౌతమి, ఒకపక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, దిగువన సముద్రం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు వచ్చాయి. కాలవల మీద పడవలు వచ్చాయి. వాటిని మనవాళ్ళు రహదారీ పడవలు అన్నారు. రాహ్ అంటే దారి, రాహ్‌దారీ ఫార్సీ మాట. చూడండి, నీళ్ళ మీద కూడా మన జబాన్ తేలుతూనే ఉంది. కోటిపల్లి దగ్గర రేవు దాటితే ముక్తేశ్వరం. నరసాపురం దగ్గర రేవు దాటితే సఖినేటిపల్లి. ఆఖరి పంటు తప్పితే రేవులోనే రాత్రి.

ఇక్కడ బుర్రకథకి ఒక సహూలియత్ ఉంది. సురభి లాంటి నాటక సమాజానికి తెరలు, సెట్టింగులు, పిల్లాపాపలతో ఊరంత సామాను. దాన్ని పంటు ఎక్కించి దించడమే ఒక యుద్ధం. బుర్రకథ దళానికి మనుషులు ముగ్గురు, సామాను ఒక తంబుర, రెండు డక్కీలు, ఒక ట్రంకు పెట్టె. ఆ పెట్టెలో లిబాస్: అంగరఖా, పైజామా, తలపాగా, నడుముకి పట్టీ. సంతలో బేరానికి వెళ్ళినట్టు తేలిగ్గా వెళ్ళొచ్చు. పెద్ద నాటకం తెప్పించుకునే స్తోమత లేని చిన్న ఊరు కూడా వీళ్ళని పిలుచుకోగలదు. బయానా ఇచ్చి తారీఖు ఖాయం చేసుకుంటే చాలు. ఈ బయానా కూడా మనదే. పండగ పందిట్లో ఆర్థిక వ్యవహారం సగం ఉర్దూలో నడిచేది.

ఇదంతా ఒక ఎత్తు. 1943 నుంచి జరిగింది ఇంకో ఎత్తు. ఆ ఏడాది బొంబాయిలో ప్రజా నాటక సంఘం పుట్టింది. ఆంధ్రలో అది ప్రజానాట్యమండలి. బెంగాల్ కరువు నడుస్తున్న జమానా. కరువు గురించి, జమీందారు గురించి, కౌలురైతు గురించి పల్లెకి చెప్పాలి. చదువు రాని పల్లెకి పత్రిక పనికిరాదు. జంగం కథ పనికొచ్చింది. సుంకర సత్యనారాయణ లాంటి వాళ్ళు కొత్త కథలు రాశారు. ‘కష్టజీవి’ అలా వచ్చిందే. వంతల్లో ఒకడికి ‘రాజకీయం’ అన్న పేరు గట్టిపడింది ఈ దౌర్‌లోనే అని నా అంచనా.

సర్కారుకి భయం పట్టింది. ప్రదర్శనల్ని ఆపడానికి 1876 నాటి చట్టం చేతిలో ఉండనే ఉంది. మద్రాసు సర్కారూ, హైదరాబాదు నిజాం సర్కారూ రెండూ బుర్రకథ మీద బందీ పెట్టాయి. ఒకటి తెల్లదొరల హుకూమత్, ఒకటి మన పేర్లు పెట్టుకున్న హుకూమత్. భయపడే విషయంలో ఇద్దరిదీ ఒకటే మజహబ్. ఈ మాట మనవాళ్ళు కొంచెం గట్టిగా వినాలి. నిజాం అనగానే మన షాన్ అని ఛాతీ విరుచుకునే వాళ్ళకి చెబుతున్నాను: తంబుర పట్టుకున్న గరీబు సాయిబు కథ చెబితే, ఆ షాన్ కూడా వణికింది.

ఆ సాయిబు షేక్ నాజర్. 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట్లో పుట్టాడు. గరీబీ, నాటకాల పిచ్చి, సంగీతం కోసం ఊళ్ళు పట్టుకుని తిరగడం, తరవాత ప్రజానాట్యమండలి. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు ఆయన గొంతులో తెలుగునాడంతా తిరిగాయి. 1953లో గరికపాటి రాజారావు తీసిన ‘పుట్టిల్లు’లో, 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’లో ఆయన బుర్రకథ ఉంది. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997 ఫిబ్రవరి 22న కన్నుమూశాడు. అంగడాల వెంకటరమణమూర్తి ఆయన ఆత్మకథని రికార్డు చేస్తే, దానికి పెట్టిన పేరు ‘పింజారీ’. పింజారీ అంటే దూది ఏకేవాడు. తెలుగులో అదే మాట తిట్టు. ఆయన తిట్టునే టైటిల్ చేసుకున్నాడు. ఇంతకన్నా పెద్ద మజాక్, ఇంతకన్నా పెద్ద ఇన్సాఫ్ ఇంకోటి చూపించండి.

నాజర్ గురించి రాసే ప్రతి వ్యాసంలో ఒక వాక్యం ఉంటుంది: “ముస్లిం అయినా హిందూ వీరుల కథలు అద్భుతంగా చెప్పాడు.” తారీఫ్ కోసమే రాస్తారు, నాకు తెలుసు. కానీ ఆ ‘అయినా’ నాకు గుచ్చుకుంటుంది. దూదేకుల ఇంట్లో అమ్మీ జోలపాడేది తెలుగులో. పల్నాడు ఆయన పక్క ఊరు. బ్రహ్మనాయుడి కథ ఆయనకి ఎరువు తెచ్చుకున్న కథ కాదు, పెరట్లో కథ. అటు ఉర్దూ సాయిబులు ‘వీడికి కల్మా సరిగా రాదు’ అని చిన్నచూపు చూశారు. ఇటు ఊరు ‘సాయిబు అయినా’ అని మెచ్చుకుంది. రెండు వైపులా ఒకటే గోడ. ఒకరు రాళ్ళతో కట్టారు, ఒకరు పూలతో కట్టారు.

దీన్ని గంగా-జమునీ తహజీబ్ అని ఒక్క మాటలో చుట్టేసి పక్కన పెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. పందిట్లో నాజర్‌ని మెహమాన్‌గా పిలవలేదు. ఉస్తాద్‌గా పిలిచారు. బయానా ఇచ్చి పిలిచారు. ఆయన తారీఖు దొరక్కపోతే కమిటీ పండగ ముందు పరువు పోయిందనుకునేది. మొహబ్బత్ ఉంది, కాదనను. కానీ మొహబ్బత్ కింద ఒక లెక్క ఉంది: ఈయన చెబితే జనం వస్తారు, కదలరు. ఆ లెక్క ఉన్నంతకాలం పేరు షేక్ అయినా శాస్త్రి అయినా ఎవరికీ పట్టలేదు. పండగ బజారులో హునర్‌కి జాగా ఉంటే మనిషికి జాగా ఉంటుంది. ఆ బజారు మూతపడితే మొహబ్బత్ ఒక్కటే ఎంతకాలం నిలబెడుతుందన్నది ఇవాళ మనం చూస్తున్నాం.

ఇందులో వంతల పాత్ర చిన్నది కాదు. సాయిబు నోటి నుంచి రాజుల కథ వస్తుంటే ఎవరికైనా మనసులో చిన్న ముల్లు ఉంటే, దాన్ని తీసేది హాస్యం వంతే. కథకుడి మీద జోకు వేస్తాడు, తన మీద వేసుకుంటాడు, ఆఖరికి ఆసామి మీద వేస్తాడు. అందరూ ఒకసారి నవ్వాక ఆ పందిట్లో ఎవరూ ఎవరికీ అజ్‌నబీ కాదు. తరవాత రాజకీయం వంత ఏ మాట చెప్పినా చెల్లుతుంది. నవ్వు ముందు నడిస్తే సత్యం దాని వెనక నడిచొస్తుంది. పోలీసు రిపోర్టులో జోకు రాసుకోవడం కష్టం, రాస్తే రాసినవాడే నవ్వులపాలు.

ఆ జోడీ సినిమాలోకీ వెళ్ళింది. మన రావులపాలెం పక్కన రావులపాడులో పుట్టిన రేలంగి సంగతి చూడండి. తండ్రి హరికథలు, సంగీతం నేర్పే మనిషి. పాటా హాస్యమూ రెండూ ఆ ఇంట్లోనే దొరికాయి. ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ రెండిట్లో రేలంగీ ఉన్నాడు, రమణారెడ్డీ ఉన్నాడు. బొద్దుగా ఒకడు, బక్కగా ఒకడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే నాకు డక్కీలు లేని వంతలు కనిపిస్తారు. వశిష్ఠ అవతల పాలకొల్లు నుంచి అల్లు రామలింగయ్య ప్రజానాట్యమండలి రంగస్థలం మీంచే ‘పుట్టిల్లు’ సినిమాకి వెళ్ళాడు. తెలుగు సినిమా నవ్వుకి విత్తనం పండగ పందిట్లోనే పడింది.

తరవాత సర్కారు తన పద్ధతి మార్చుకుంది. నిన్న బందీ పెట్టిన కళనే నౌకరీలో పెట్టుకుంది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. బుర్రకథ ఇంటింటికీ వినిపించింది. 1954లో కేంద్ర ప్రభుత్వం పాటలు, నాటకాల విభాగం పెట్టింది. పంచవర్ష ప్రణాళికలు, కుటుంబ నియంత్రణ, పొదుపు, తరవాత అక్షరాస్యత అన్నీ బుర్రకథలయ్యాయి. ఇది మంచిదే. మౌసమ్ లేని నెలల్లో కూడా పొయ్యి వెలిగింది. వానాకాలంలో ఒక ప్రోగ్రాము దొరికితే ఆ ఇంటికి అది ఈద్.

కానీ ఖర్చు కూడా అయింది. రేడియోకి అర గంటలో కథ ముగియాలి. స్క్రిప్టు ముందే పాస్ కావాలి. ముందే పాస్ అయిన జోకు ఏ ఊరిదీ కాదు. పందిట్లో వంత ఆసామిని చూసి నవ్వేవాడు. కుటుంబ నియంత్రణ బుర్రకథలో పదిమందిని కన్న పేద రైతుని చూసి నవ్వమన్నారు. నవ్వు అదే, డక్కీ అదే, గురి మారింది. కింద నుంచి పైకి వెళ్ళే బాణం పై నుంచి కిందకి తిరిగింది. నా రాయ్ ఇది: బుర్రకథకి మొదటి దెబ్బ టీవీ కొట్టలేదు, ఈ తిరుగుడు కొట్టింది. తనని చూసి నవ్వేవాడి కోసం జనం రాత్రంతా మేలుకోరు.

మిగిలిన పని రికార్డింగ్ డాన్సులు, వీడియో, టీవీ, డీజేలు పూర్తి చేశాయి. కమిటీకి ఒక లారీ నిండా స్పీకర్లు దొరికాక ముగ్గురు మనుషులతో పనేముంది? ఇంకో తమాషా ఉంది. యానాం-ఎదుర్లంక వంతెన వచ్చింది, వశిష్ఠ మీద చించినాడ వంతెన వచ్చింది, వైనతేయ మీద బోడసకుర్రు వంతెన వచ్చింది. ఒకప్పుడు ఆఖరి పంటు తప్పి రేవులో పడుకున్న కళాకారుడు ఇవాళ ఆట ముగించుకుని తెల్లారేలోపు ఇంటికి పోవచ్చు. దారి తయారైంది. పిలుపు ఆగిపోయింది.

పూర్తిగా ఆగలేదు లెండి. నవమి పందిట్లో, తీర్థాల్లో అక్కడక్కడా ఇంకా తందాన తాన వినిపిస్తుంది. ఆడవాళ్ళ దళాలు ఉన్నాయి. ఒకప్పుడు జంగం భార్యకి వంత స్థానమే ఉండేది, ఇవాళ తంబుర ఆడమనిషి భుజం మీద ఉంది. చిన్న మార్పు కాదది. కానీ హాస్యం వంత మాత్రం సినిమా డైలాగులు అప్పజెబుతున్నాడు. కాఫీ హోటల్లో కూర్చుని ఊరి హవా పట్టే తీరిక లేదు. ఊరు కూడా తన మీద జోకు పడితే నవ్వే తబియత్‌లో లేదు. పేరు చూసి మజహబ్ అడిగి, ఆ తరవాతే నవ్వాలో వద్దో తేల్చుకునే దినాలు ఇవి. అలాంటి చోట హాస్యం వంత పని ఎప్పటికన్నా ఎక్కువ అవసరం, ఎప్పటికన్నా ఎక్కువ ఖతరా కూడా.

కోనసీమ ఇళ్ళలో అటకల మీద పాత పెట్టెలుంటాయి. దసరాకో నవమికో అచ్చేయించిన గులాబీరంగు కరపత్రాలు కొన్ని అందులో ఉండొచ్చు. దొరికితే పెద్ద అక్షరాలు చదివి మడిచెయ్యకండి. కింద ‘హాస్యం’ అనీ, ‘రాజకీయం’ అనీ రాసి రెండు చిన్న పేర్లు ఉంటాయి. ఆ పేర్లు పైకి చదవండి, పిల్లలకి చెప్పండి, ఒక కాగితం మీద ఎత్తి రాసి పెట్టుకోండి. పింజారీకి పద్మశ్రీ అందింది. ఆయనకి అటూ ఇటూ డక్కీ వాయించిన వాళ్ళకి కనీసం మన యాద్ అయినా అందాలి.

ఖుదా హాఫిజ్.